నయాగరాకీ టైమింగ్సే!

బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్లో ఇంకా నయాగరా చూడనిది మేమూ, వాచ్‌మనూ. మూడో అంతస్తు అంకుల్ మొన్ననే అబ్బాయి దగ్గర్నుంచి వచ్చి, పిలిచి కూర్చోబెట్టి టీవీలో వీడియోలు వేశారు. పదకొండు వీడియోలు. అన్నిట్లోనూ నీళ్లు పైనుంచి కిందకే పడ్డాయి. "అమెరికా ఒడ్డు నుంచి పక్కవాటంగానే కనిపిస్తుందమ్మా, ఎదురుగా చూడాలంటే కెనడా వీసా కావాలి" అని ఆయన బాధపడుతుంటే, వంటింట్లోంచి ఆంటీ "ఏమండీ, ట్యాంకర్ వాడు ఫోన్ ఎత్తట్లేదు" అన్నారు.

ఆ రాత్రి నిద్రపట్టక నయాగరా గురించి చదివాను. తీరా చూస్తే అదీ మన కుళాయి బాపతే! 1950లో అమెరికా, కెనడా ఒప్పందం రాసుకున్నాయి: టూరిస్టుల సీజన్లో పగటిపూట కనీసం 1,00,000 క్యూసెక్కులు వదలాలి, రాత్రిళ్లూ చలికాలమూ అందులో సగం చాలు, మిగిలింది కరెంటుకి మళ్లించుకోవచ్చు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు సగం దాకా పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకు ఫుల్లు. 1969లోనైతే అమెరికా వైపు జలపాతానికి అడ్డుకట్ట వేసి, బండలు పరీక్షించడానికి కొన్ని నెలలు నీళ్లే ఆపేశారు. ఆ ఎండిన బండల్ని చూడ్డానికీ జనం వెళ్లారు. మా ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన రోజు ఒక్కరు రాలేదు, తిట్టడానికి తప్ప.

మన కర్ణాటకలోని జోగ్ జలపాతం ఎత్తు 253 మీటర్లు, నయాగరా 57. జోగ్‌కి ఎగువన లింగనమక్కి డ్యామ్ ఉంది, శరావతి నీళ్లు కరెంటుకి పోతాయి, వేసవిలో వెళితే పెద్దగా ఏమీ దూకదు. "డ్యామ్ కట్టి చెడగొట్టారు వెధవలు" అని నాలుగేళ్లుగా అంటున్నది ఈ అంకులే. వాళ్లు మళ్లిస్తే ప్లానింగు, మనం మళ్లిస్తే పాపం.

అందుకే మా అసోసియేషన్‌కి మనవి. నోటీసు బోర్డు మీద "నీళ్లు 6 నుంచి 8 వరకు" అన్నది కొట్టేసి "సందర్శన వేళలు" అని రాయించండి. నయాగరాకి రాత్రిళ్లు రంగుల లైట్లు వేస్తారు, సంపుకి కనీసం ఒక బల్బు పెట్టించండి. ట్యాంకర్ పైపు పక్కన నిలబడితే తుంపర్లు ఎలాగూ ఫ్రీ, వీసా అక్కర్లేదు.

నయాగరా దగ్గర పడవలో ఇచ్చిన నీలం ప్లాస్టిక్ కోటుని అంకుల్ మడతపెట్టి సూట్‌కేసులో పెట్టుకుని మరీ తెచ్చారు. నిన్న చూస్తే అది సంపు మోటారు మీద, తాడుతో కట్టి. వాచ్‌మన్ కోటు అంచు పైకెత్తి, మోటారుని ఒకసారి తట్టి, నా బకెట్ వైపు చూశాడు.

"ఇంకా రాలేదు సార్."