హామ్లెట్ ఎందుకు ఆగాడు?

షేక్‌స్పియర్ నాటకంలోని డెన్మార్క్ యువరాజు హామ్లెట్ ప్రస్తావన వస్తే ముందుగా వినపడే ప్రశ్న ఇదే: తండ్రిని చంపిందెవరో మొదటి అంకంలోనే తెలిశాక, ఐదో అంకం దాకా ఎందుకు నాన్చాడు? మోయలేని బరువు మీద పడ్డ సున్నిత మనస్కుడని జర్మన్ కవి గోథే అన్నాడు. ఆలోచన ఎక్కువై చేత తగ్గిందని ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ అన్నాడు. 1900లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్, తల్లి మీద అణిచిపెట్టుకున్న కోరిక దాకా వెళ్లాడు. ముగ్గురూ లోపాన్ని అతని మనసులోనే వెతికారు. అసలు అతనికి ఆ సంగతి చెప్పిందెవరు?

చనిపోయిన తండ్రి ప్రేతాత్మ, తన తమ్ముడే చంపాడని. వేరే సాక్షి లేడు. తోటలో నిద్రపోతుండగా పాము కరిచి పాత రాజు పోయాడనే దేశమంతా అనుకుంటోంది. సైతాను ఇష్టమైనవాళ్ల రూపంలో వచ్చి మనిషిని పాపంలోకి దించగలదని హామ్లెట్ భయం. పైగా నేరం మోపాల్సిన ఆ పినతండ్రే ఇప్పుడు రాజై సింహాసనం మీదున్నాడు, ఇక ఎవరికి చెప్పుకోవాలి? అందుకే నటుల చేత అలాంటి హత్యనే ఆడించి, రాజు ముఖం కనిపెడతాడు. రాజు తట్టుకోలేక లేచిపోతాడు. అంతవరకు జరిగింది జాప్యం కాదు, విచారణ అని గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాతి ఘట్టం దగ్గర మాత్రం అతన్ని వెనకేసుకు రాలేను. రాజు ఒంటరిగా మోకరిల్లి ఉన్నాడు. వెనక హామ్లెట్, కత్తి దూసి. రుజువు దొరికింది, అడ్డం ఎవరూ లేరు. అయినా ఆగుతాడు. ప్రార్థనలో చస్తే స్వర్గానికి పోతాడట. తాగి ఉన్నప్పుడో, జూదంలోనో చంపితే ఆత్మ కూడా నరకంలో పడాలట. న్యాయం అడిగినవాడు దేవుడి తీర్పు కూడా తనే రాయబోతున్నాడు. అతను వెళ్లాక రాజు లేచి, మాటలు పైకెగిరాయిగానీ మనసు కిందే ఉండిపోయిందంటాడు. ప్రార్థన కుదరనే లేదు! అది మనకు తెలుసు, హామ్లెట్‌కు తెలియదు.

మరుసటి రంగంలోనే, తల్లి గదిలో తెర వెనక అలికిడైతే ఎవరో చూడకుండా పొడిచేస్తాడు. చచ్చింది రాజు మంత్రి పొలోనియస్. అతని కూతురు ఒఫీలియా మతి తప్పడం, కొడుకు లేర్టీజ్ పగ పట్టడం ఆ పోటుతోనే మొదలు. చెయ్యి ఆడనివాడు చేసే పనా ఇది?

క్రీ.పూ. 458 నాటి గ్రీకు నాటకంలో, తండ్రిని చంపిన తల్లిని చంపడానికి వచ్చిన ఒరెస్టీస్ కూడా ఆగుతాడు. తల్లి రొమ్ము చూపి వేడుకుంటే చెయ్యి రాక, పక్కనున్న పిలాడీస్‌ను ఏం చేయమంటావని అడుగుతాడు. అప్పటిదాకా నోరు విప్పని ఆ మిత్రుడు మూడే పంక్తుల్లో అపోలో దేవుడి ఆజ్ఞ గుర్తుచేస్తాడు. సందేహం తీరిపోతుంది. హామ్లెట్‌కు ఆ మూడు పంక్తులు చెప్పేవాళ్లు లేరు. స్నేహితుడు హొరేషియో ఉన్నాడు, వింటాడు, చంపమని మాత్రం అనడు.

చివరికి లేర్టీజ్ నిండు సభలో రాజు కుట్ర బయటపెట్టాకే కత్తి దిగుతుంది. ఆ క్షణంలో హామ్లెట్ తండ్రి ఊసెత్తడు. తల్లి తాగి చనిపోయిన విషపాత్రనే రాజు నోట పోస్తూ, మా అమ్మ వెంటే పో అంటాడు.