మా నాన్న నంబరు ఇంకా రీఛార్జ్ చేస్తూనే ఉన్నా

మొన్న బుధవారం మూడో పీరియడ్. ఎనిమిదో తరగతి పిల్లలకి సవర్ణదీర్ఘ సంధి చెప్తుంటే ఫోను వణికింది. అమ్మ. కట్ చేశా. మళ్ళీ చేసింది. ఇంక లాభం లేదని వరండాలోకి వచ్చి ఎత్తా.

"అమ్మాయ్, గ్యాసబ్బాయి వచ్చి వాకిట్లో నిలబడుండాడు. నంబరేందో చెప్తేగానీ బండ దించనంటుండాడు. నాన్న ఫోన్‌కి వచ్చుంటుంది, చూసి చెప్పు."

నాన్న పోయి మూడేళ్ళు దాటింది. ఆయన ఫోను కావలిలో మా ఇంట్లో బీరువా సొరుగులో ఉంది. అమ్మ కలిగిరి పక్కన పల్లెలో ఉంది. నేను బళ్ళో ఉన్నా. ఎదురింటి అక్క దగ్గర మా తాళం ఒకటి ఉంటుంది కాబట్టి సరిపోయింది. ఆమెకి ఫోన్ చేసి, ఆమె చేస్తున్న దోసెల పని ఆపించి, సొరుగు తీయించి, ఆ నాలుగంకెలూ చదివించి, మళ్ళీ అమ్మకి చేసి చెప్పా. "ఎందుకక్కా నాకీ బాధ" అని గ్యాసబ్బాయి సణుగుతూనే దించాడు. పాపం, అతన్నీ అనలేం. ఆ నంబరు కొట్టకపోతే అతని లెక్కలో బండ దిగినట్టు కాదు. ఒక గ్యాస్ బండ వంటింట్లోకి వెళ్ళడానికి నలుగురం పనిచేశాం. అందులో ఇద్దరికి ఆ గ్యాసుతో సంబంధమే లేదు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. కనెక్షన్ అమ్మ పేరు మీదికి మార్పించొచ్చు కదా అని. వెళ్ళా. డెత్ సర్టిఫికెట్ తీసుకుని, అమ్మని వెంటబెట్టుకుని, స్కూల్లో సెలవు పెట్టి రెండుసార్లు వెళ్ళా. మొదటిసారి ఆన్‌లైన్లో పెట్టుకోండి అన్నారు. ఆన్‌లైన్లో పెడితే ఏదో కాగితం స్పష్టంగా లేదని తిరగ్గొట్టింది. రెండోసారి వెళ్తే సర్వర్ లేదు. పోనీ పేరు తర్వాత చూద్దాం, ముందు నంబరైనా మార్చండి అంటే కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా, "పాత నంబరుకి ఓటీపీ వచ్చింది, చెప్పండి మేడం" అంది. చనిపోయిన మనిషి అనుమతి లేకుండా ఆయన నంబరు తీయడానికి లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, చూడండి. అందరూ రూల్ ప్రకారమే ఉన్నారు.

అందుకని నాన్న సిమ్ బతికుండాలి. 28 రోజులకి ఒకసారి రీఛార్జ్ చేస్తా. (ఈ 28 రోజుల నెల కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. ఏడాదికి పన్నెండు నెలలుంటే మనం పదమూడు సార్లు కడుతున్నాం.) కరెంటు బిల్లు ఆయనకే వస్తుంది. పొలం పాసుపుస్తకానికి ఆ నంబరే. పండక్కి చీరల కొట్టు వాళ్ళు ఆయనకి శుభాకాంక్షలు చెప్తారు. మనిషిని కాటికి పంపడానికి ఒక రోజు పట్టింది. మూడేళ్ళయినా ఆయన నంబరుని మాత్రం పంపలేకపోతున్నాం.

ఇదంతా చదివి, ఈమెకి ఆన్‌లైన్ అంటే పడదు అనుకోకండి. నేను కూరగాయలకి కూడా ఫోనే చూపిస్తా. 2016లో యూపీఐ వచ్చినప్పుడు, ఇది మన ఊళ్ళలో నడుస్తుందా అని స్టాఫ్ రూమ్‌లో నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా. ఇప్పుడు మా బడి గేటు దగ్గర జామకాయలమ్మే అవ్వ గంప పక్కన కూడా, డబ్బు పడిందని చెప్పే పెట్టె పెట్టుకుంది. అది అరవగానే తలాడిస్తుంది. చిల్లర గొడవ పోయింది. రాష్ట్ర ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో ఇచ్చే 'మన మిత్ర' వచ్చాక ఒకసారి 9552300009కి వాట్సాప్‌లో హాయ్ పెట్టి కూర్చున్నచోటే పని చేసుకున్నా. 2025 జనవరి 30న మొదలుపెట్టినప్పుడే 161 సేవలు ఇచ్చారు. ఆఫీసుల చుట్టూ చెప్పులరగదీసిన తరం మాది, ఆ సుఖం నాకు తెలుసు.

పొగాకు సంగతే చూడండి. నాన్న కాలంలో వేలం కేంద్రంలో బేళ్ళ వరసల మధ్య పాటగాడు కేకలేస్తూ పోతుంటే, మన బేలు ఎంతకి పోయిందో మనకి అర్థమయ్యేలోపు పక్క బేలు దగ్గర ఉండేవాళ్ళు. ఇప్పుడు బయ్యర్లు చేతిలో మిషన్ పట్టుకుని ధర కొడుతున్నారు, డబ్బు బ్యాంకులో పడుతోంది. మా బాబాయి పొద్దున ఇంట్లో కూర్చునే కలిగిరి వేలం కేంద్రంలో ఎంత, డీసీపల్లి కేంద్రంలో ఎంత అని వాట్సాప్ గ్రూపులో చూసుకుని, అప్పుడు తువ్వాలు భుజాన వేసుకుంటాడు. ధర బాగుందా అంటే అది వేరే కథ. ధర లేదన్న సంగతి మాత్రం ఇప్పుడు త్వరగా తెలుస్తోంది.

నా కడుపుమంట ఇంకొకటి. అది అర్థం కావాలంటే మా అమ్మ సంతకం గురించి చెప్పాలి.

మా అమ్మ బడికి పోలేదు. 1990ల మొదట్లో మా జిల్లాలో 'అక్షర దీపం' అని వయోజన విద్య పెట్టారు. నెల్లూరు జిల్లా వాళ్ళకి దాని గురించి చెప్పక్కర్లేదు. సాయంత్రం పొలం నుంచి వచ్చి, అన్నం వార్చి, ఆడవాళ్ళంతా రామాలయం అరుగు మీద పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను అమ్మ కొంగు పట్టుకుని పోయి, అమ్మ కంటే ముందు జవాబులు చెప్పి తిట్లు తినేదాన్ని. అక్కడ అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు ఊరికే దిద్దుకుని ఊరుకోలేదు. మా కలిగిరి మండలంలోదే దూబగుంట. అక్కడ ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ సంగతి మళ్ళీ పాఠమై వయోజన విద్య పుస్తకంలోకి వచ్చింది. ఆ పాఠం చదివి పక్క ఊరు, ఆ ఊరిని చూసి ఇంకో ఊరు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు గానీ, వెనక పేర్లు తెలియని రోశమ్మలు ఎంతమందో. వాళ్ళలో మా అమ్మ ఉందని గొప్పలు చెప్పను. మా అమ్మ సంతకం నేర్చుకుంది, అంతే.

ఆ ఏడు నా ప్రోగ్రెస్ కార్డు మీద మొదటిసారి అమ్మ సంతకం పెట్టింది. పేరులో ఒక వత్తు వదిలేసింది. క్లాసులో టీచరు నవ్వితే నేను ఆవిడతో నాలుగు రోజులు మాట్లాడలేదు. డ్వాక్రా గ్రూపు పెట్టినప్పుడు బ్యాంకులో మేనేజరు అలవాటుగా ఇంకు ప్యాడ్ ముందుకు తోస్తే, అమ్మ దాన్ని ఇట్టా పక్కకి జరిపి పెన్ను అడిగిందట. ఇది నేను చూడలేదు, నాన్న చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పేవాడో లెక్కలేదు.

ఆ మనిషికి ఇప్పుడు అరవై అయిదు. రేషన్ షాపులో వేలు పెట్టాలి. పెన్షన్‌కి వేలు. బ్యాంకు కాగితానికి వేలు. అది కూడా పడితేగా? ముప్పై ఏళ్ళు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కర్రలకి ఆకు అల్లిన చేతులవి. పచ్చాకు జిగురు పట్టి, సున్నం రాసి, బూడిదతో తోమి, ఆ వేళ్ళ మీద గీతలెక్కడున్నాయి? జుట్టుకి రాసుకుని ఒకసారి, చీరకి తుడుచుకుని ఒకసారి, గుడ్డ తడిపి ఒకసారి. "పడట్లేదవ్వా, ఎడమ చెయ్యి పెట్టు." పెన్షన్ తెచ్చే అబ్బాయి మంచోడు, ఓపిగ్గా మొహం ఫొటో తీసైనా ఆ 4000 చేతిలో పెట్టి పోతాడు. అందరూ అంత ఓపిక పట్టరు.

ఒకరోజు రేషన్ నుంచి వచ్చి సంచి కింద పడేసి అంది: "ఏలిముద్ర బాధ పోయిందనుకుంటే మళ్ళీ ఏలిముద్రే వచ్చిందే."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. వేలిముద్రగాళ్ళు అనిపించుకోకూడదనే కదా ఆ అరుగు మీద పలకలు పట్టించింది? సంతకం అంటే 'నా పని నేను చేసుకోగలను' అని. ఇప్పుడు ఆమె చదవగలదు, రాయగలదు, లెక్క చూసుకోగలదు. అయినా ఒక్క పనీ సొంతంగా జరగదు. కూతురు ఫోన్ ఎత్తాలి. నేను ఎత్తకపోతే నెట్ సెంటర్ అబ్బాయి ఉండాలి.

ఆ నెట్ సెంటర్‌కి పోయి చూడండి ఒకసారి. టేబుల్ మీద అట్ట చినిగిన లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. అందులో ఊరందరి ఆధార్ నంబర్లు, పాస్‌వర్డులు, కొందరివి ఏటీఎం పిన్నులతో సహా. మర్చిపోతామని వాళ్ళే రాయించుకుంటారు. ఏ ఇంట్లో ఎంత అప్పుందో, ఎవరి పొలం ఎవరి పేరు మీదుందో ఆ కుర్రాడికి తెలుసు. ఒకప్పుడు ఇట్టా ఊరందరి సంగతులూ ఒక్క మనిషి సంచీలో ఉండేవి. ఆయన్ని కరణం అనేవాళ్ళు. 1984లో ఎన్టీఆర్ ఆ వ్యవస్థ తీసేస్తే ఊళ్ళు సంబరపడ్డాయి. ఈ అబ్బాయి చెడ్డవాడు అనట్లేదు. దరఖాస్తుకి యాభై తీసుకుని పని చేసి పెడతాడు, మా అమ్మని పెద్దమ్మా అంటాడు. ఆఫీసు పక్కన అర్జీలు రాసేవాడు పోయాడు, మధ్యలో మనిషి పోయాడు అని చెప్తుంటే మాత్రం నవ్వొస్తుంది. ఎక్కడ పోయాడు? ఏసీ పెట్టించుకున్నాడు.

ఇంకా తమాషా ఓటీపీ. "ఎవరికీ చెప్పకండి, మా ఉద్యోగులకి కూడా చెప్పకండి" అని బ్యాంకు వాళ్ళు మెసేజ్ పెడతారు. టీవీలో చెప్తారు, పోలీసులు చెప్తారు, డబ్బు పోతే వెంటనే 1930కి చేయమంటారు. మంచిదే. నేనూ అమ్మకి వందసార్లు నూరిపోశా. మర్నాడు గ్యాసబ్బాయి అడుగుతాడు, చెప్పాలి. నెట్ సెంటర్లో అడుగుతారు, చెప్పాలి. "ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, అది చెప్పు ముందు" అంటుంది అమ్మ. నేనొక తెలుగు టీచర్ని, వ్యాకరణంలో ప్రతి నియమానికీ ఉన్న మినహాయింపులు చెప్పి బతుకుతున్నా. దీనికి సూత్రం నాకు దొరకలేదు. చివరికి ఏం చేసిందంటే, తెలియని నంబర్లు ఎత్తడమే మానేసింది. ఒకసారి ఆసుపత్రి నుంచి రక్తపరీక్ష సంగతి చెప్పడానికి చేసినా ఎత్తలేదు.

నేర్పించొచ్చు కదా అంటారు. నేర్పించా. ఫోన్ చేయడం వచ్చు, వాట్సాప్‌లో వాయిస్ పెట్టడం వచ్చు, పొద్దున్నే గులాబీ పూలు పంపడం అందరికంటే బాగా వచ్చు. కానీ పలక మీద నేర్చుకున్న 'అ' ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అట్నే ఉంది. యాప్‌లో నిన్న కింద ఉన్న బటన్ ఇవాళ పైన ఉంటుంది, రంగు మారుతుంది, మాయమవుతుంది. అప్‌డేట్ అంట. నెలనెలా ఆకారం మార్చుకునే అక్షరాలని ఏ అరుగు మీద దిద్దించాలి?

పేపర్ సంగతి చెప్పకుండా ఆపలేను. మా ఇంటికి పేపర్ వచ్చేది. నాన్న చదివాక మధ్యాహ్నం అమ్మ గడప దగ్గర కూర్చుని జిల్లా పేజీలు తీసి, వేలు కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేది. మా మండలం పేరు కనిపిస్తే గట్టిగా చదివి పక్కింటావిడకి వినిపించేది. నాన్న పోయాక ఒక్కదానికి ఎందుకని మాన్పించింది నేనే. పేపర్ ఫోన్‌లోనే వస్తుందిగా అని ఈ-పేపర్ పెట్టిచ్చా. ఆ పేజీని రెండు వేళ్ళతో పెద్దది చేస్తే వాక్యం సగం పక్కకి పోతుంది, చిన్నది చేస్తే కనపడదు. వారం చూసి వదిలేసింది. ఇప్పుడు యూట్యూబ్. మండలానికి నాలుగైదు ఛానళ్ళు. "కలిగిరిలో షాకింగ్" అని బొమ్మ, లోపల చూస్తే గేదె కాలవలో పడింది, తీశారు. అది వార్త కాదనను, గేదె ఉన్నవాళ్ళకి అదే వార్త. కానీ అమ్మ ఇప్పుడు చదవట్లేదు. వింటోంది. నానా తంటాలు పడి చదువరి అయిన మనిషి మళ్ళీ శ్రోత అయింది. మొన్న చీటీ ఏదో చదవమంటే, "కళ్ళు పట్టడం లేదు, నువ్వే చదువు" అంది. కళ్ళు బాగానే ఉన్నాయి. పోయిన నెలే చూపించా.

ఇక్కడే నాకు నేనే అడ్డం తగులుతుంటా. స్వాతంత్ర్యానికి ముందు నెల్లూరు నుంచి వచ్చిన 'జమీన్ రైతు' పాత సంచికలు స్కాన్ చేసి పెడితే, కావలిలో మంచం మీద పడుకుని చదువుకున్నదాన్ని నేను. వెంకటగిరి జమీందారీ రైతుల గోడు ఆ పేజీల్లో చూసి ఆ రాత్రి నిద్ర పోలేదు. ఆ కాగితాలు చెదల పాలు కాకుండా కాపాడింది ఈ డిజిటలే. ఒకే ఫోను నన్ను తొంభై ఏళ్ళ వెనక్కి తీసుకుపోయి చదివించింది, మా అమ్మ చేత చదువు మాన్పించింది. రెండూ నిజమే.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆన్‌లైన్ ఉంచండి, పెంచండి. పక్కన ఒక కిటికీ కూడా తెరిచి ఉంచండి. అక్కడ ఒక మనిషి కూర్చోవాలి, ఒక ఫారం ఉండాలి, కింద సంతకం పెట్టే గీత ఉండాలి, పెట్టాక రసీదు ఇవ్వాలి. బండ దించి, చీటీ మీద సంతకం తీసుకుని పోయే రోజులు మరీ పాతవేం కావు. వేలు పడకపోతే సంతకం చెల్లాలి. ఫోను లేదన్నవాళ్ళని "మీ పిల్లలెవరూ లేరా" అని అడగకూడదు. ఉన్నారండి. ఎనిమిదో తరగతికి సంధులు చెప్తున్నారు.

సరే, ఇంత పొడుగు రాసింది అసలు ఒక సాయం కోసం. చనిపోయినవాళ్ళ పేరు మీదున్న గ్యాస్ కనెక్షన్, పాత నంబరు ఓటీపీ లేకుండా, భార్య పేరుకి ఎవరైనా మార్పించుకుని ఉంటే ఏ కాగితాలు పెట్టారో, ఎవర్ని కలిశారో కింద రాయండి. కావలి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్ళయితే ఇంకా మంచిది. వెబ్‌సైట్‌లో ఉంది చూడండి అని మాత్రం దయచేసి రాయొద్దు. చూశా.