గ్లవ్ బాక్సులో కాపురముంటున్న ఓనర్స్ మాన్యువల్ గారికి

అయ్యా,

కారు ఇంటికొచ్చి ఏడు నెలలైంది. దాంతోపాటే మీరూ వచ్చారు. అయినా మొన్నటిదాకా మనిద్దరి మధ్య మాటా మంతీ లేవు. మీ ప్లాస్టిక్ కవరు కూడా నేను చింపలేదు. మీ కింద ఇన్సూరెన్స్ కాగితాలు, మీ మీద టిష్యూ డబ్బా, పక్కన ఎవరివో తెలియని చలవ కళ్లజోడు. దాన్ని గ్లవ్ బాక్సు అంటారు గానీ, అందులో గ్లవ్స్ పెట్టినవాణ్ని నేను చూడలేదు. అందులోంచి మిమ్మల్ని తీసి చదివినవాణ్నీ చూడలేదు.

నా తప్పేనంటారా? మీరు ఐదువందల పైచిలుకు పేజీలు. నేను కారు కొన్నాను గానీ డిగ్రీలో చేరలేదు కదా. పైగా కారు అప్పగించిన కుర్రాడు మీ సారమంతా పది నిమిషాల్లో పిండి చేతిలో పెట్టాడు. ఎనిమిది నిమిషాలు ఫోన్‌కి బ్లూటూత్ కలపడం, ఒక నిమిషం సన్‌రూఫ్, ఆఖరి నిమిషం ఫొటో. ఎయిర్‌బ్యాగ్‌ల సంగతి అడిగితే, "అవి వాటంతటవే వస్తాయి సార్, మీరేం చెయ్యక్కర్లేదు" అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. కారులో నాకు నచ్చినవన్నీ నేనేం చెయ్యక్కర్లేనివే.

మీరు లేని లోటు తీర్చడానికి గురువులు కూడా దొరికారు. మొదటివాడు మా బావమరిది. అతనికి సొంత కారు లేదు, కాబట్టి అందరి కార్ల గురించీ తెలుసు. సీటుబెల్టు పెట్టుకోకపోతే కారు టింగ్ టింగ్‌మని సతాయిస్తుంది కదా, దానికి మందుగా ఓ చిన్న బిళ్ల తెచ్చిపెట్టాడు. బెల్టు బదులు ఆ బిళ్లను బకిల్‌లో గుచ్చితే చాలు, కారు నోరు మూసుకుంటుంది. వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ భుజం మీంచీ నడుం మీంచీ పట్టుకునే బెల్టును 1959లో తయారుచేస్తే, ఆ కంపెనీ పేటెంటును మిగతా కంపెనీలకూ వదిలేసింది. ఆ తర్వాత ఎందరో బుర్రలు చించుకుని, గుద్దుకున్న క్షణంలోనే బెల్టును లాగి బిగించే ప్రీటెన్షనర్ కూడా పెట్టారు. ఇంతమంది ఇంజనీర్లనూ మా బావమరిది వేలెడంత ఇనప ముక్కతో ఓడించాడు.

ఎయిర్‌బ్యాగ్ మెత్తటి దిండు లాంటిదని నేననుకున్నాను. మీరేమో అది రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో విచ్చుకుంటుందంటారు. అంత వేగంగా వచ్చేదాన్ని దిండు అనరు, పిడిగుద్దు అంటారు. బెల్టు వెనక్కి పట్టి ఉంచిన మనిషి కోసం లెక్కకట్టిన గుద్దు. బిళ్ల గుచ్చుకుని ముందుకు తూలిపోయేవాడికి ఆ లెక్క వర్తించదు. స్టీరింగ్‌కీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలట. నేను రోడ్డు బాగా కనబడాలని స్టీరింగ్‌ను కౌగిలించుకుని నడిపే రకం. పక్కసీటు ముందు డ్యాష్‌బోర్డు మీద, సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీదే, తలూపే బొమ్మను గట్టి జిగురుతో అంటించాను. ఆ మూత తెరుచుకున్న రోజున మా ఆవిడ ముఖాన్ని ముందుగా పలకరించేది ఆ బొమ్మే. సీట్ల పక్కన "ఎయిర్‌బ్యాగ్" అని రాసిన చిన్న గుడ్డముక్కలు చూసి కంపెనీవాడి ప్రచారం అనుకుని, పైనుంచి కిందిదాకా మందపాటి తోలు కవర్లు వేయించాను. లోపల పక్క ఎయిర్‌బ్యాగ్‌లు ఇప్పుడు పెద్దల మాట వినే పిల్లల్లా కదలకుండా కూర్చున్నాయి. ఇక సన్ వైజర్ మీద పసిపిల్లల సీటు బొమ్మ, దానికి అడ్డంగా ఎర్ర గీత. అద్దం చూసుకుంటుంటే చికాగ్గా ఉందని దాన్ని నేనే గోటితో గీకేశాను. ముందు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న సీటులో, వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు ఎప్పుడూ పెట్టకూడదని ఆ బొమ్మ చెబుతోందట. నయం, మా ఇంట్లో పసిపిల్లలు లేరు.

లైట్ల సంగతి ఇంకా ఘోరం. మీటను "ఆటో"లో పెట్టేస్తే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదని ఎవరో చెప్పారు. ఒకరోజు పొద్దుటిపూట మంచులో పోతుంటే, పక్కనే వచ్చిన లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "వెనక లైట్లు లేవయ్యా!" అని అరిచాడు. నాకు ఒళ్లు మండింది. నా ముందు డ్యాష్‌బోర్డు పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది, బానెట్ ముందు తెల్లటి వెలుగు కనిపిస్తోంది, ఇంకేం లైట్లు కావాలి ఇతనికి? మీలో చదివాక తెలిసింది: ముందు వెలుగుతున్నవి పగటి లైట్లు. చాలా కార్లలో అవి వెలిగినంత మాత్రాన వెనక ఎర్ర లైట్లు వెలగవు. పాత కార్లలో హెడ్‌లైట్ వేస్తేనే మీటర్ వెలిగేది, కాబట్టి మీటర్ చీకటిగా ఉంటే మనకే గుర్తొచ్చేది. ఇప్పటి తెర పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఇక ఆ ఆటో సెన్సరు చూసేది వెలుతురును. తెల్లటి మంచులో దానికి వెలుతురు సరిపడా కనిపిస్తుంది, ఊరుకుంటుంది. అంటే ముందు నుంచి చూస్తే నేను పెళ్లికొడుకుని, వెనక నుంచి చూస్తే దెయ్యాన్ని. ఆ లారీ ఆయనకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయలేను. ఆయన కనిపిస్తే క్షమాపణ చెబుతాను.

దానికి విరుగుడు కూడా మా బావమరిదే చెప్పాడు. మంచైనా వానైనా హజార్డ్ లైట్లు వేసుకుని వెళ్లిపో బావా, అందరికీ కనిపిస్తావు అన్నాడు. కనిపిస్తాను, నిజమే. కానీ హజార్డ్ వేశాక చాలా కార్లలో ఇండికేటర్ వేసినా ఎవరికీ తెలియదు. నాలుగు మూలలా కన్ను కొట్టుకుంటూ పోయేవాడు ఎటు తిరుగుతాడో వెనకవాడు జాతకం చూసి చెప్పాలి. ఆ మీట ఆగిపోయిన బండికోసమని మీరు రాశారు. మేమేమో ఇండికేటర్ ఒక్కటీ వాడం గానీ, నాలుగూ కలిపి మాత్రం ధారాళంగా వాడతాం.

ఏబీఎస్ దగ్గర మీరే నన్ను మోసం చేశారని మొదట అనుకున్నాను. ఓసారి అడ్డం వచ్చిన కుక్క కోసం గట్టిగా బ్రేకు తొక్కితే కాలికింద పెడల్ గడగడలాడింది. కారుకి ఏదో అయిందని హడలిపోయి కాలు తీసేశాను. కుక్క తన తెలివితో తాను బతికింది. ఆ గడగడే బ్రేకు పనిచేస్తున్న గుర్తట. చక్రాలు బిగుసుకుపోకుండా వదిలి పడుతూ, మనం స్టీరింగ్ తిప్పి తప్పించుకునే వీలు కల్పిస్తుందట. మనం చేయాల్సిందల్లా తొక్కిన కాలు తీయకపోవడం. ఇప్పటి రూపంలో ఇది 1978 నుంచి కార్లలో ఉందంటే, నాకంటే బాగా సీనియర్ అన్నమాట.

స్టీరింగ్ సంగతి చెబితే మీరు నవ్వుతారు. హైవే మీద అప్పుడప్పుడూ స్టీరింగ్ వణుకుతోందని ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. వాళ్లు ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేశారు. రెండోసారి అలైన్‌మెంట్. మూడోసారి టైర్లు మార్చమన్నారు. వాళ్లకీ మీతో పరిచయం లేదని ఇప్పుడు అర్థమైంది. ఇండికేటర్ వేయకుండా లేన్ గీత దాటుతుంటే హెచ్చరించడానికి కారు కావాలనే స్టీరింగ్‌ను వణికిస్తుందట. ఇండికేటర్ వేస్తే వణకదట! ఒక వేలు కదిపితే పోయే జబ్బుకి నేను మూడుసార్లు ఆపరేషన్ చేయించాను.

మనం పెట్టిన వేగాన్ని కారే నిలబెట్టుకునే క్రూయిజ్ కంట్రోల్‌కి గురువు పక్కింటి పెద్దాయన. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పుడే చూపు పోయింది. తన లాయరు మాట్లాడేటప్పుడు కారు నెమ్మది చేసి, వినేటప్పుడు వేగం పెంచేవాడనీ, ఆ కుదుపులు భరించలేకే దీని గురించి ఆలోచించాడనీ చెబుతారు. 1958లో అది క్రిస్లర్ ఇంపీరియల్ కార్లలో వచ్చింది. ఈ కథ విని పెద్దాయన తేల్చిందేమిటంటే, చూపు లేనాయన కనిపెట్టాడు కాబట్టి వాడటానికీ చూపు అక్కర్లేదు. మా కారులోది ముందు బండిని చూసి తనే నెమ్మదించే కొత్తరకం. నేను దాన్ని నొక్కి, కాళ్లు ముడుచుకుని, ఫోన్లో మెసేజ్‌లు చూసుకునేవాణ్ని. ఆగి ఉన్న బండిని అది గుర్తించకపోవచ్చని, మలుపుల్లో ముందు బండిని వదిలేయవచ్చని, బురద పట్టినా ఎదురెండ కొట్టినా పనిచేయకపోవచ్చని మీరు వరసగా రాశారు. కారు తనంతట తాను నడిచే ఆటోమేషన్‌కి 0 నుంచి 5 దాకా మెట్లుంటే, వేగాన్నీ లేన్‌నూ రెండూ చూసుకునే ఈ కార్లు 2 దగ్గరే ఉన్నాయి. ఆ మెట్టు మీద డ్రైవరు నేనే, కారు నా సహాయకుడు మాత్రమే. పాపం ఆ సహాయకుడికైనా నేను సాయపడ్డానా? ముందు బండిని పసిగట్టే రాడార్ ఉన్నచోట ముందు బంపర్‌కు ఇనప గార్డు బిగించాను. కెమెరా ముందు అద్దం మీద స్టిక్కరు అంటించాను. కళ్లకు గంతలు కట్టి, "జాగ్రత్తగా చూడు నాయనా" అన్నాను.

టైర్ల విషయంలో ఒక్క మాటతో సరిపెడతాను. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి. మనం నింపాల్సిన అంకె డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. ఏడు నెలలు గరిష్ఠమే నింపాను. టైర్లలో గాలి సంగతి చెప్పే, కుండలో ఆశ్చర్యార్థకం పెట్టినట్టుండే లైటు వెలిగినప్పుడు, ఆశ్చర్యపడి ఊరుకున్నాను.

ఇంతకీ మిమ్మల్ని ఎందుకు తెరిచానో చెప్పలేదు కదూ. మొన్న రాత్రి పదకొండింటికి ఖాళీ పార్కింగ్‌లో మన కారు నన్ను గుర్తుపట్టలేదు. జేబులో తాళం ఉంది, తలుపు రాదు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తాళంలో బ్యాటరీ అయిపోయింది. అలాంటప్పుడు ఏం చేయాలో మీలో వివరంగా ఉంది. మీరు కారులో ఉన్నారు. కారుకి తాళం వేసి ఉంది. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ, అతనికి మీరే నా తరఫున ఒక దండం పెట్టండి.

చివరికి ఫోన్లో మీ కాపీ దొరికింది. తాళం పక్కన చిన్న మీట నొక్కితే దాని కడుపులోంచి అసలు తాళం బయటికొచ్చింది. తలుపు పిడి చివర మూత తీస్తే తాళం కన్నం. ఇన్నాళ్లూ అది అలంకారం అనుకున్నాను. తలుపు తెరవగానే సైరన్ మోగింది. ఎదురు మేడ కిటికీలు రెండు తెరుచుకున్నాయి. మీరు చెప్పినట్టే, చచ్చిన తాళాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కాను. ఇంజను లేచింది, సైరన్ ఆగింది. ఆ రాత్రి మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి, కవరు చింపి, రెండింటిదాకా చదివాను.

చదివాను కాబట్టి నాకూ మాట అనే హక్కు వచ్చింది. ప్రతి పేజీలో త్రికోణం, లోపల ఆశ్చర్యార్థకం, కింద "తీవ్ర గాయాలు లేదా మరణం". కప్పు హోల్డర్‌లో వేడి నీళ్లు పెట్టినా మరణమే, సీటుబెల్టు పెట్టుకోకపోయినా మరణమే. ఇంటికొచ్చిన ప్రతివాణ్నీ చూసి మొరిగే కుక్కలా మీరు మొరిగితే, అసలు దొంగ వచ్చినప్పుడు ఎవరు లేస్తారు? రెండు పేజీలకోసారి చుక్క గుర్తు, "ఈ సౌకర్యం మీ వాహనంలో ఉండవచ్చు, లేకపోవచ్చు". నా కారులో ఏముందో మీకే తెలియకపోతే నాకెవరు చెబుతారు? వైపర్ గురించి 4-37 చూడమన్నారు. 4-37లో 5-12 చూడమన్నారు. 5-12లో డీలరును సంప్రదించమన్నారు. డీలరేమో మాన్యువల్ చూడమన్నాడు.

మీరే చదివించేలా ఉండి, కారు తయారుచేసేవాళ్లు మీటలను తెరలోకి తోసేయకుండా ఉంటే, ఇంత గొడవే లేదు. ఏసీ గాలి తగ్గించడానికి మూడు మెట్లు దిగి వెతకాలి. వంద కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తెరవైపు చూస్తే, కారు 55 మీటర్లు గుడ్డిగా పరిగెడుతుంది. ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్, అత్యవసర కాల్‌కి అసలైన మీటలుంటేనే పూర్తి మార్కులని, కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి పట్టుబట్టిందంటే, రోగం ఎంత ముదిరిందో చూడండి. ఇంధనం మూత ఎటువైపు ఉందో చెప్పే చిన్న బాణం గుర్తు మీటర్ మీద ఉంటుంది కదా, 1986లో ఫోర్డ్ ఇంజనీరు జిమ్ మోయ్లన్ సలహా అది. బాణమంత జాగాలో చెప్పాల్సింది చెప్పేశాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు మీరు అక్కర్లేదు. మా బావమరిది కూడా అక్కర్లేదు.

ప్రస్తుతం మీరు మా హాల్లో సోఫా మీద ఉన్నారు. బిళ్ల చెత్తబుట్టలో పడింది, తలూపే బొమ్మ టీవీ పక్కకు మారింది, సీటు కవర్లు, బంపర్ గార్డు ఆదివారం విప్పించాలి. నిన్న సాయంత్రం బావమరిది వచ్చాడు. మిమ్మల్ని చూసి ఉలిక్కిపడ్డాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంటి బావా, మాన్యువల్ బయటికి తీశావ్? కారు అమ్మేస్తున్నావా?"

ఇట్లు,
ఏడు నెలలు ఆలస్యంగా,
మీ ఓనర్