యానాం కాగితం, గోదావరి వంతు

గౌతమి మీద వారధి ఎక్కి ఎదుర్లంక నుంచి అవతలికి దిగితే పుదుచ్చేరి కింద ఉన్న యానాం. అటూ ఇటూ అదే నీరు, అవే కొబ్బరి చెట్లు, అదే గోదావరి యాస. కానీ యానాం వాళ్ల క్యాలెండరులో మనకి లేని రెండు పండగలున్నాయి: నవంబరు 1, ఆగస్టు 16. మొదటిది 1954లో ఫ్రెంచి పాలన తొలగిన రోజు. రెండోది 1962లో ఆ పాలన ఇక తిరిగి రాదని చట్టప్రకారం ఖాయమైన రోజు. నడుమ దాదాపు ఎనిమిదేళ్లు. చర్చలంటే చేతకానితనమని, దౌత్యమంటే కాలయాపన అని పొద్దున లేస్తే టీవీల్లో గొంతు చించుకునే వాళ్లకి ఆ ఎనిమిదేళ్ల కథ తెలియాలి. స్వతంత్ర భారతం చేసిన గొప్ప పనుల్లో అదొకటని నా నమ్మకం.

ఉద్యమం సంగతి ఇక్కడి వాళ్లకి కొత్తేమీ కాదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపిన వాలంటీర్లు యానాంలో పాలనను చేతిలోకి తీసుకున్నారు. అప్పటికి నెల కిందటే ఫ్రాన్స్ వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఓడిపోయింది. జూన్‌లోనే అక్కడ ప్రధాని అయిన మెండెస్ ఫ్రాన్స్ లెక్క తెలిసిన మనిషి. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఫ్రెంచి ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది భారత్‌లో విలీనం కావాలన్నారు. మూడు రోజులు తిరక్కుండా ఢిల్లీలో పాలన అప్పగించే ఒప్పందం మీద సంతకాలైపోయాయి. నవంబరు 1న పాలన చేతులు మారింది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. అసలు కథ ఇక్కడే మొదలైంది. సరిగ్గా ఆ నవంబరు 1నే అల్జీరియాలో ఫ్రాన్స్ మీద తిరుగుబాటు పేలింది. 1956 మే 28న పూర్తి సంధి మీద సంతకాలు పడినా ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించకుండా పక్కన పెట్టేసింది. ఒకచోట వదులుకున్నట్టు రాసిస్తే అల్జీరియాలోనూ అదే అడుగుతారని పారిస్‌కి భయం. యానాం కాగితం ఎక్కడో ఎడారి యుద్ధంలో ఇరుక్కుపోయింది! ఢిల్లీ ఆ రోజుల్లో ఏం చేసింది? ఊళ్లను నడిపింది, ఉత్తరాలు రాసింది, గుర్తు చేసింది, ఓపిక పట్టింది. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక పారిస్‌లో ఆమోదం పడింది. ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు.

ఆ సంధిలో రెండో అధికరణం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1954 నవంబరు 1కి ముందు ఈ ప్రాంతాలకున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి కొనసాగుతుందని, దాన్ని మార్చాలంటే ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే మార్చాలని అందులో ఉంది. పోయే దొర, వచ్చే సర్కారు కలిసి కూర్చుని, మధ్యలో ఉన్న జనాన్ని అడగాలని రాసుకోవడం మామూలు విషయమా? పౌరసత్వం సంగతీ అంతే. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న వాళ్లు భారతీయులవుతారు. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనుకునేవాళ్లు ఆరు నెలల్లోగా ఆ మాట రాసివ్వచ్చు. అలా రాసిచ్చిన కుటుంబాలు పుదుచ్చేరిలో నేటికీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటేస్తున్నాయి. ఎవరి ఇల్లూ కూలలేదు. 1979లో పుదుచ్చేరిని పక్క రాష్ట్రాల్లో కలిపేస్తారన్న మాట రాగానే జనం రోడ్డెక్కారు, కేంద్రం వెనక్కి తగ్గింది. ఆ జనం కోపం వెనక రాసుకున్న మాట బలం ఉంది.

దీని విలువ తెలియాలంటే మన డెల్టా పాత సంధుల్ని గుర్తు చేసుకోవాలి. 1753లో దక్కన్ పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తాను, ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో అవే సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. మరుసటి ఏడు నిజాం అలీతో సంధి చేసుకుని కంపెనీ దాన్ని గట్టిపరచుకుంది. పాలకొల్లు, జగన్నాథపురాల్లోని డచ్చి వాళ్ల స్థావరాలు 1824లో లండన్‌లో జరిగిన సంధితో ఇంగ్లీషు వాళ్లకి పోయాయి. సంతలో పశువు పలుపు ఈ చేతి నుంచి ఆ చేతికి మారినట్టు మారింది మన నేల. ఒక్క రైతునీ, ఒక్క నేతగాడినీ అడిగిన పాపాన పోలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత అదే గోదావరి ఒడ్డు గురించి రాసిన కాగితంలో ‘ప్రజల అభీష్టం’ అన్న మాట చేరింది.

గోవాని చూపించేవాళ్లుంటారు. 1961 డిసెంబరులో సైన్యం దిగింది, రెండు రోజుల్లో పని ముగిసింది, ఎనిమిదేళ్లు కాగితాలు ఎందుకు అంటారు. పోర్చుగల్ నియంత సలాజార్ మాటలకే ఒప్పుకోలేదు, కాబట్టి సైన్యం తప్పలేదు. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక్క లెక్క చూడండి. గోవా భారత్‌దేనని పోర్చుగల్ సంధి మీద సంతకం పెట్టింది 1974 డిసెంబరు 31న, అదీ లిస్బన్‌లో నియంతృత్వం కూలాక. అంటే పదమూడేళ్లు. తుపాకీతో గెలిచిన గోవా కాగితం కోసం పదమూడేళ్లు ఆగింది, మాటలతో వచ్చిన యానాం ఎనిమిదేళ్లు కూడా ఆగలేదు. ఏది ఆలస్యం?

ఇంతకీ నా మనసులో ఉన్నది యానాం ఒక్కటే కాదు, గోదావరి నీళ్లు కూడా. గోదావరి మీది పోలవరం నుంచి రాయలసీమ వైపు బనకచర్లకు నీళ్లన్న మాట ఎత్తగానే రెండు తెలుగు రాష్ట్రాల్లో నాయకులు మాట్లాడుతున్న తీరు చూస్తే రెండు శత్రు దేశాలు కూడా ఇలా మాట్లాడుకోవనిపిస్తుంది. మన మధ్య సలాజార్ ఎవరూ లేరు. ఒకే భాష, ఒకే నది, పెళ్లి సంబంధాలు. అయినా కూర్చోవడానికి మొహమాటం.

కూర్చుంటే ఏమవుతుందో ఈ నదే చెప్పింది. 1969లో రాష్ట్రాల మధ్య నీళ్లు పంచడానికి కృష్ణకీ గోదావరికీ ట్రైబ్యునళ్లు వేశారు. రెండింటికీ జస్టిస్ బచావతే అధ్యక్షుడు. కృష్ణలో రాష్ట్రాలు వాదించుకున్నాయి, ఆయన తీర్పు చెప్పాడు, ఆ నది నేటికీ కోర్టుల చుట్టూ, ఇంకో ట్రైబ్యునల్ చుట్టూ తిరుగుతోంది. గోదావరిలో ఐదు రాష్ట్రాలు తమలో తాము ఒప్పందాలు రాసుకొచ్చి ఆయన ముందు పెట్టాయి. 1980 తీర్పు ప్రధానంగా వాటి మీదే నిలబడింది. గోదావరిలో నీళ్లెక్కువ కాబట్టి సులువైందనే మాటలో కొంత నిజముంది. కానీ పోలవరం కట్టకముందే, అక్కడి నుంచి కృష్ణకి మళ్లించే 80 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కి 45, కర్ణాటకకి 21, మహారాష్ట్రకి 14 అని 1978లో రాసుకోవడం నీళ్లెక్కువై జరిగింది కాదు. ఎదుటివాడి అవసరాన్ని లెక్కలోకి తీసుకుంటే జరిగింది. విభజనయ్యాక ఆ 45లో ఎవరికెంతో మాత్రం రెండు తెలుగు రాష్ట్రాలూ కూర్చుని తేల్చుకోలేకపోయాయి.

డెల్టాలో ఉన్న మాకు ఇది ప్రాణం మీది సంగతి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరి సన్నబడితే మేం చూసేది సీలేరు నీళ్ల వైపు. అవి కూడా బలిమెల దగ్గర ఒడిశాతో పంచుకునే ఒప్పందం మీద వచ్చేవే. మాట మీద, కాగితం మీద నమ్మకం పోతే ముందు ఎండేది కాలవ చివరి చేలు. ముఖ్యమంత్రులు ఏటా ఒకసారి ఢిల్లీలో ఎదురుపడితే సరిపోదు. రెండు వైపులా ఇంజనీర్లు నెలనెలా కూర్చోవాలి. ఏ రోజు ఎంత ప్రవాహం వచ్చిందో లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఒప్పుకున్న చిన్న సంగతుల్ని ముందు రాసుకోవాలి, తేలని వాటిని పక్కన పెట్టుకుని మళ్లీ రావాలి.

మా తాతయ్యకి ఐ.పోలవరం వైపు (ప్రాజెక్టు పోలవరం వేరు, ఇది ద్వీపం పోలవరం) కాలవ శివారున ఎకరంన్నర ఉండేది. ఒక దాళ్వాలో ఎగువ ఊరి వాళ్లు బోదెకి అడ్డం వేశారు. రెండు రాత్రులు గట్టు మీద పారలు పట్టుకుని తిట్టుకున్నారు. మూడో రోజు పొద్దున రెండు ఊళ్ల పెద్దలూ రావిచెట్టు కింద కూర్చుని నోటుపుస్తకం కాగితం చింపి వంతులు రాశారు: మంగళవారం రాత్రి పది నుంచి బుధవారం తెల్లారి నాలుగు దాకా దిగువకి. సంతకాలు, నాలుగు వేలిముద్రలు. ఆ కాగితం తాతయ్య దూలం సందులో దాచాడు, నేను చూశాను. అడుగున పెన్సిలుతో ఇంకో వరుస ఉంది. ఎగువన వరి పొట్ట మీదుందని ఒక వారం రెండు గంటలు ఎక్కువ వాడుకున్నారట. ‘రెండు గంటలు బాకీ’ అని రాసి ఉంది. దాని కింద పై వారం తేదీ, ‘తీరింది’ అన్న మాట, మళ్లీ రెండు ఊళ్ల సంతకాలు.