‘ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఇక పోవు’ అన్న సందేశానికి ఖండన

కడపలో ఫోటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు నడుపుకునేవారి వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. పాత హార్డ్ డిస్కులను నమ్ముకోవద్దని, క్లౌడ్‌లో ఒక కంటైనర్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే నిల్వలో ఫైళ్లు వేసుకునే పాత్ర) తెరిచి ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించమని అది చెబుతుంది. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ సలహాకు ఆధారంగా అది అయిదు మాటలు చెబుతుంది: ఎక్కించిన ఫైలు ఎన్నటికీ పోదు, కంటైనర్ పేరు బయటికి చెప్పకపోతే దాన్ని అందరికీ తెరిచి పెట్టినా భయం లేదు, అది మన కంప్యూటర్లోని ఫోల్డర్ లాంటిదే కాబట్టి పేరు, చోటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఖర్చు దాదాపు సున్నా, ‘ఎక్కింది’ అని తెర మీద కనిపించగానే డిస్కులను చెరిపి అమ్మేసుకోవచ్చు. ఈ అయిదింటిలో పూర్తిగా నిజమైనది ఒక్కటీ లేదు. పెళ్లి ఫోటోలను, తాతల నాటి దస్తావేజుల స్కాన్లను మళ్లీ తీయడం ఎవరివల్లా కాదు గనుక, ఈ మాటలను విడివిడిగా పరిశీలించడం అవసరమనిపించింది.

ముందుగా పేర్ల సంగతి. అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 అనే నిల్వ సేవను ప్రారంభించినప్పుడు ఈ పాత్రకు ‘బకెట్’ అని పేరు పెట్టింది. గూగుల్ కూడా అదే పేరు వాడుతుంది. మైక్రోసాఫ్ట్ అజూర్, ఓపెన్‌స్టాక్ స్విఫ్ట్ అనే ఇలాంటి నిల్వ వ్యవస్థలు దాన్నే ‘కంటైనర్’ అంటాయి. సందేశం రాసినవారు వీటన్నిటినీ ఒకే గాట కట్టారు కాబట్టి, నేను ఎక్కువగా ఎస్3 ఉదాహరణలు తీసుకుంటాను.

మొదటి మాట, ‘ఎన్నటికీ పోదు’. దీనికి రుజువుగా సందేశం ‘పదకొండు తొమ్మిదులు’ అన్న అంకెను చూపుతుంది. అమెజాన్ 99.999999999 శాతం మన్నికను ప్రకటించిన మాట వాస్తవమే. కోటి ఫైళ్లు దాచుకుంటే సగటున పదివేల ఏళ్లకు ఒకటి పోవచ్చునని దాని అర్థం. కానీ ఆ అంకె లెక్కగట్టేది డిస్కులు, యంత్రాలు చెడిపోవడం వల్ల కలిగే నష్టాన్ని మాత్రమే. మన చేతితో మనమే చెరిపిన ఫైలు, దొంగిలించిన పాస్‌వర్డుతో మరొకరు చెరిపిన ఫైలు, బిల్లు కట్టకపోవడంతో ఖాతా మూతపడి పోయిన ఫైలు ఆ లెక్కలోకి రావు. చెరపమన్న ఆజ్ఞ అందితే ఆ యంత్రాలు అంతే నమ్మకంగా చెరిపేస్తాయి.

వీటికంటే నిశ్శబ్దమైన నష్టం ఇంకొకటుంది. దాన్ని నేను మా ఊళ్లోనే దగ్గరుండి చూశాను. ఒక పెళ్లికి ఇద్దరు కెమెరామెన్ వెళ్లారు. ఇద్దరి కెమెరాలూ ఫోటోలకు ఒకే వరుసలో 0001 నుంచి అంకెలు వేసే రకమే. ముహూర్తాల సీజను హడావుడిలో స్టూడియో కుర్రవాడు మొదటి కార్డును కంటైనర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాత రెండో కార్డును అదే చోటికి ఎక్కించాడు. మన కంప్యూటర్లో అయితే ‘ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో పెట్టమంటారా’ అని అడుగుతుంది. ఈ నిల్వ వ్యవస్థ మామూలుగా అలా అడగదు. అదే పేరుతో కొత్త ఫైలు వస్తే పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని ఉంచుతుంది. కన్యాదానం నుంచి తలంబ్రాల దాకా పెళ్లికూతురి వైపు నుంచి తీసిన ఫోటోలన్నీ అలా పోయాయి. ఎక్కడా ఎర్ర అక్షరాల హెచ్చరిక రాలేదు. కార్డులను అప్పటికే ఫార్మాట్ చేసి మరుసటి పెళ్లికి పంపేశారు. ఆ అమ్మాయి తండ్రికి ఏం చెప్పాలో తెలియక ఆ స్టూడియో యజమాని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ ఖండన రాయడానికి అసలు కారణం అదే.

దీనికి మందు లేకపోలేదు. ‘వర్షనింగ్’ అనే సదుపాయాన్ని ఆన్ చేస్తే, కొత్త ఫైలు వచ్చినప్పుడు పాతది వెనుక వరుసలో నిలిచి ఉంటుంది. చెరిపినా తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే ఎస్3 బకెట్‌ను మామూలు పద్ధతిలో తయారుచేసినప్పుడు అది ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేయాలి. ఆన్ చేయకముందు పోయినవాటిని అది తిరిగి తేలేదు. వెనుక వరుసలో ఉన్న ప్రతులకూ అద్దె పడుతుంది. గూగుల్ క్లౌడ్ 2024 నుంచి, చెరిపిన ఫైళ్లను మామూలుగా 7 రోజులు అట్టిపెడుతోంది. అది మంచి ఏర్పాటే గాని, పెళ్లివారు ఆల్బమ్ కోసం నెల తర్వాత వచ్చే మన వృత్తిలో ఏడు రోజులు చాలవు. కాబట్టి కంటైనర్ తెరిచిన వెంటనే, ఒక్క ఫైలు కూడా ఎక్కించకముందే వర్షనింగ్ ఆన్ చేయాలి. ఆ తర్వాత ప్రతి ఫైలు పేరుకు ముందు తేదీ, కెమెరా గుర్తు చేర్చాలి.

యంత్రాల వైపు కూడా పూర్తి నిశ్చింత తగదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థకు చెందిన డేటా సెంటర్ భవనం ఒకటి అగ్నిప్రమాదంలో పూర్తిగా కాలిపోయింది. మరోచోట ప్రతి లేనివారు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు. ఎస్3 స్టాండర్డ్ తరగతిలో వేసిన ఫైలు కనీసం మూడు వేర్వేరు జోన్లలో, అంటే విడివిడిగా ఉండే డేటా సెంటర్లలో, ఉంటుంది. చవకగా దొరికే ‘వన్ జోన్’ తరగతిలో అలా ఉండదు. ధర తక్కువని దాన్ని ఎంచుకున్నవారు ఈ తేడాను తెలుసుకుని ఎంచుకోవాలి.

రెండో మాట మరింత ప్రమాదకరమైనది. పేరు రహస్యంగా ఉంచితే చాలు, తాళం అక్కర్లేదని అది చెబుతోంది. అమెజాన్ 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లన్నిటికీ బయటివారి ప్రవేశాన్ని ముందే అడ్డుకుంటోంది. కస్టమర్లు ఆల్బమ్ చూసుకోవడానికి ఇబ్బంది అవుతుంది కాబట్టి ఆ అడ్డు తీసేయమని ఈ సందేశం సలహా ఇస్తోంది. పేరు రహస్యమన్న ధీమా ఎందుకు చెల్లదో చూడండి. అందరి బకెట్లకూ ఉమ్మడిగా ఉండే పేర్ల జాబితాలో ఒక పేరు ఒక్కరికే దక్కుతుంది. లేని బకెట్‌ను అడిగితే 404 అని, ఉండి తలుపు మూసి ఉన్నదాన్ని అడిగితే 403 అని జవాబు వస్తుంది. అంటే ఊహించిన పేరు నిజంగా ఉందో లేదో ఎవరైనా తెలుసుకోవచ్చు. మనవాళ్లు పెట్టుకునే పేర్లేమో స్టూడియో పేరు, పక్కన ఊరి పేరు. కడపను ఇంగ్లీషులో పాత పద్ధతిలో రాసినా కొత్త పద్ధతిలో రాసినా, వెతికే ప్రోగ్రాముకు రెండూ ప్రయత్నించడం క్షణం పని. ఫైళ్ల జాబితా చూసే అనుమతి కూడా తెరిచి ఉంటే, లోపల ఏమేమున్నాయో పట్టీ మొత్తం దొరుకుతుంది. స్టూడియోల్లో ఉండేవి ఇంటి ఆడవాళ్ల, చిన్నపిల్లల ఫోటోలు. డీటీపీ సెంటర్లలో ఉండేవి ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లు. నమ్మి మన చేతిలో పెట్టినవాటిని వీధిలో పరిచే హక్కు మనకు లేదు. కస్టమర్‌కు చూపించాలంటే గడువున్న సంతకపు లింకు (బకెట్ తలుపు మూసే ఉంచి, ఆ ఒక్క ఫైలును మాత్రమే చూడనిచ్చే లింకు) ఇవ్వవచ్చు. ఎస్3లో దానికి గరిష్ఠంగా 7 రోజుల గడువు ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పనిచేయడం మానేస్తుంది.

మూడో మాట ఫోల్డర్ గురించి. కంటైనర్ లోపల నిజానికి ఫోల్డర్లు లేవు. ‘శాసనాలు/కలమళ్ళ/ముందు వైపు’ అని మనం చూసేది మొత్తం ఒకే పేరు. మధ్యలోని గీతలను చూసి తెర మీద ఫోల్డర్లలా చూపిస్తారు, అంతే. అందువల్ల మామూలు బకెట్‌లో ‘ఫోల్డర్’ పేరు మార్చాలంటే, లోపలి ప్రతి ఫైలునూ కొత్త పేరుతో నకలు చేసి పాతదాన్ని చెరపాలి. బకెట్ పేరునూ, అది ఉండే ప్రాంతాన్నీ తర్వాత మార్చడం కుదరదు. కొత్తది తెరిచి అన్నీ అందులోకి తరలించాలి. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి ప్రాంతాలున్నాయి. ఏది కావాలో మొదటే తేల్చుకోవాలి.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఇంకొక్క మాట. ఎస్3 బకెట్ పేరులో చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత మాత్రమే చెల్లుతాయి. పొడవు 3 నుంచి 63 అక్షరాలు. ఫైలు పేరు తెలుగులో ఉండవచ్చు గాని, దాని హద్దు 1024 బైట్లు. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, ‘ప్ర’ అన్న ఒక్క అక్షరంలోనే పకారం, పొల్లు, రకారం కలిసి తొమ్మిది బైట్లున్నాయి. గ్రామం, సర్వే నంబరు, పట్టాదారు పేరు, తండ్రి పేరు అన్నీ గుదిగుచ్చి దస్తావేజుకు పొడవాటి పేరు పెట్టే అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఖర్చు సున్నా అన్నది గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లను చూసి పుట్టిన పొరపాటు అయి ఉండాలి. కంటైనర్ లెక్క వేరు. ముంబై ప్రాంతంలో ఎస్3 స్టాండర్డ్ ధర గిగాబైటుకు నెలకు రెండున్నర సెంట్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే ఒక టెరాబైటుకు నెలకు దాదాపు 25 డాలర్లు. ఎక్కించడానికి సమాచార రవాణా రుసుము లేదు. దించుకోవడానికి ఉంది: నెలకు మొదటి 100 గిగాబైట్లు పోగా, గిగాబైటుకు దాదాపు 11 సెంట్లు. ఆ టెరాబైటును ఒకేసారి తిరిగి దించుకోవలసి వస్తే సుమారు నాలుగు నెలల అద్దెతో సమానమైన బిల్లు వస్తుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి తెరిచే ముందు చూసుకోవాలి.

ఇక చివరి మాట, డిస్కులు చెరిపి అమ్మడం. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉన్న కనెక్షన్ మీద ఒక టెరాబైటు ఎక్కడానికి, ఎక్కడా ఆగకపోయినా, నాలుగున్నర రోజులకు పైనే పడుతుంది. ఈ లోపు కరెంటు పోవచ్చు, నెట్ ఆగవచ్చు. ఒంటిమిట్ట కల్యాణం వంటి గంటల తరబడి సాగే వీడియో 5 గిగాబైట్లు దాటితే, ఎస్3లో దాన్ని ఒకే విడతలో పంపడం కుదరదు. ముక్కలుగా విడగొట్టి పంపి చివర కలపాలి. కలపడం పూర్తికాకపోతే ఆ ఫైలు జాబితాలో కనిపించదు, అయినా వచ్చిన ముక్కలకు అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది. వాటిని కొన్ని రోజుల తర్వాత తొలగించమని బకెట్‌కు ఒక నియమం పెట్టుకోవాలి. ‘ఎక్కింది’ అన్న మాటను నమ్మే ముందు డిస్కులోని ఫైళ్ల సంఖ్యను, మొత్తం సైజును, ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే సంఖ్య అయిన చెక్‌సమ్‌ను కంటైనర్‌లోని వాటితో సరిచూడాలి. కొన్నిటిని మరో కంప్యూటర్లోకి దించి తెరిచి చూడాలి.

ఇవన్నీ చేసినా డిస్కును అమ్మవద్దనే నా మాట. క్లౌడ్‌లో ఉన్నది ఒక ప్రతి, డిస్కులో ఉన్నది రెండోది. డిస్కును చెరిపిన మరుక్షణం మళ్లీ ఒక్క ప్రతే మిగులుతుంది. ఈ సందేశాన్ని ఇంకా ఎవరికైనా పంపదలిచినవారు దయచేసి ఆ చివరి వాక్యాన్ని తీసేసి, దాని స్థానంలో ‘ముందు వర్షనింగ్ ఆన్ చేయండి, బయటి ప్రవేశానికి ఉన్న అడ్డును తీయకండి’ అని రాసి పంపండి.