‘బావా ఎప్పుడు వచ్చితీవు’ సినిమా కోసం పుట్టిన పద్యం కాదు

వారం రోజుల్లో ఒకే వాట్సాప్ మెసేజ్ నాకు ఐదుగురు పంపారు. చివరిది మా మేనమామ కొడుకు. అందులో ఉన్నదిదీ: పౌరాణిక నాటకాలు రాత్రంతా సాగదీసే రాగాలతో, మీసాలు గొరిగించుకున్న సత్యభామలతో జనాన్ని విసిగించాయట. ఎప్పుడో రాసింది అప్పజెప్పడమే తప్ప వాటిలో కొత్తదనం లేదట. సినిమా వచ్చి కాపాడిందట. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ ఎన్టీఆర్ కోసం రాశారు కాబట్టే బతికిందట. ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి గనక నాటకాలకు చందాలిచ్చి డబ్బు తగలేయొద్దట.

ఎన్టీఆర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ పద్యం ఉన్న ‘పాండవోద్యోగం’ నాటకం రాసిన జంటకవులు తిరుపతి వెంకట కవుల్లో తిరుపతి శాస్త్రిగారు పోయింది 1920లో. రామారావుగారు పుట్టింది 1923లో. ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

కొత్తదనం లేదన్న మాటా అంతే. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో కాటిసీను చూసినవాళ్లకి జాషువా పద్యాలు వినకుండా ఇంటికి రావడం తెలియదు. అవి ఆ నాటకం కోసం రాసినవి కావు. నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం ఇక వదల్లేదు.

మీసాలు గొరిగించుకున్న సత్యభామ అన్నది ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావుగారిని. ఆ మెసేజ్ కింద తగిలించిన వీడియో ‘మీరజాలగలడా’. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సుశీల పాడగా జమున అభినయించిన పాట. ఆ పాట రాసింది స్థానం వారే, రంగస్థలం మీద సత్యభామగా తను పాడటానికి! ఆయన్ని వెక్కిరించడానికి ఆయన పాటే కావలసి వచ్చిందా? ఆడవాళ్లని స్టేజీ ఎక్కనివ్వకపోవడం అన్యాయమే, కాదనను. కానీ నాటకమే బతుకుతెరువైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్లు ఎప్పటినుంచో వేషాలు కడుతున్నారు. 1932 నాటి మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా వేసిన కమలాబాయి అక్కణ్ణించే వచ్చింది. సినిమా కాపాడిందంటారే, మొదటి హీరోయిన్ని సినిమాకి ఇచ్చింది నాటకం కాదూ?

ఇవన్నీ ఒక ఎత్తు, రాగాన్ని సాగదీత అనడం ఒక ఎత్తు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

మా ఊరి శివాలయం ముందు ఓ శివరాత్రి రాయబారం నాటకంలో చూసింది చెబుతాను. మంచం మీద కృష్ణుడు, కాళ్ల దగ్గర అర్జునుడు, తల దగ్గర దుర్యోధనుడు. కృష్ణుడు లేచి, ముందు అర్జునుణ్ని పలకరించి, ఇటు తిరిగి ‘బావా’ అన్నాడు. ఆ దీర్ఘం మీదే కాసేపు నిలిచాడు. హార్మోనియం ఆయన వేళ్లు వెంట పరిగెత్తాయి. మొదటిసారి పద్యమంతా ఆప్యాయత. ‘సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్’ అంటుంటే నిజంగా చుట్టం ఇంటికొచ్చినట్టే ఉంది. దుర్యోధనుడు తల పంకించాడు. వెనక చాపల మీంచి ‘వన్స్ మోర్’ అన్నారు. రెండోసారి అదే పద్యం, అవే మాటలు. ఈసారి ‘కర్ణుడును’ దగ్గర ఆగి, ఆ పేరు మీద సన్నగా రాగం తీస్తూ దుర్యోధనుడి మొహంలోకి చూశాడు. పలకరింపు కాస్తా ఎత్తిపొడుపైంది. దుర్యోధనుడి చెయ్యి మీసం మీదికి పోయింది. ముందు వరస ముసలాళ్లు ‘ఆహా’ అన్నారు. సాగదీత అంటున్నారే, అదీ ఇదే! ఎదురుగా ఉన్న జనాన్ని బట్టి ఆ రాత్రికి ఆ పద్యానికి అర్థం పుడుతుంది. సినిమాలో ఒకసారి రికార్డయ్యాక వెయ్యిసార్లు చూసినా అదే చూపు, అదే పలుకు. దాన్ని తప్పనను. కానీ అది ఉంది గనక ఇది అక్కర్లేదంటే ఎలా ఒప్పుకుంటాం?

అర్థం వదిలేసి రాగం కోసమే రాగం తీసేవాళ్లూ ఉన్నారు. బళ్లారి రాఘవ అంతటి నటుడు దీని మీదే పోట్లాడాడు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. ‘చెల్లియో చెల్లకో’ పద్యం చిన్నప్పుడు స్టేజీ మీద ఎన్నిసార్లు విన్నా, కృష్ణుడు ఎవరో చెల్లెల్ని పిలుస్తున్నాడనే అనుకునేవాణ్ని. ఘంటసాల గొంతులో విన్నాకే తెలిసింది, చేతనైందో కాలేదో పాండవులు ఆ కీడంతా ఓర్చుకున్నారన్న మాట అది అని. రాగం తగ్గించి మాటను మాటగా విడదీసి పలికాడాయన. ఆ మేలు నాకు సినిమా పాటగాడే చేశాడు.

అయితే ఘంటసాల రికార్డు వినడానికి డబ్బులు అక్కర్లేదు, ఎక్కడికీ పోదు. స్టేజీ మీద పాడేవాడు బతికుండాలి. హార్మోనియం ఆయనకీ, మేకప్ అతనికీ, కిరీటాలూ తెరలూ అద్దెకిచ్చేవాడికీ ఆ రాత్రి డబ్బు చేతిలో పడాలి. పడకపోతే వచ్చే ఏడు రారు. వాళ్లతోపాటే, అదే పద్యాన్ని రెండోసారి ఇంకోలా పాడటం తెలిసిన మనిషీ పోతాడు. యూట్యూబ్‌లో అది దొరకదు.

ఈ శివరాత్రికి మళ్లీ రాయబారం పెడుతున్నారు. నా చందా ఇచ్చాను. ఆ మెసేజ్ పంపిన ఐదుగురిలో ముగ్గురు మా ఊరివాళ్లే. నిన్న చందా పుస్తకం చూశాను, వాళ్ల పేర్లు ఇంకా ఎక్కలేదు.