బుగ్గల వేడిలో పాముకూ వాటా ఉంది

సముద్రమట్టానికి 4 వేల మీటర్ల పైన పాము బతకడమే విడ్డూరం. ఒంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని ప్రాణికి టిబెట్ చలి అంటే చావే. అయినా లాసా ప్రాంతపు లోయల్లో వేడినీటి బుగ్గల్ని నమ్ముకొని ‘టిబెట్ వేడినీటి బుగ్గల పాము’ తరతరాలుగా బతుకుతోంది. దాని గురించి 1907లో పాముల నిపుణుడు ఫ్రాంక్ వాల్ లోకానికి చెప్పాడు. దాని శాస్త్రీయ నామంలో బ్రిటిష్ అధికారి బెయిలీ పేరును చేర్చాడు.

పేరు విని అది మరిగే నీటిలో ఈదుతుందనుకోవద్దు. బుగ్గ చుట్టూ వెచ్చబడ్డ రాళ్ల సందుల్లో తలదాచుకుంటుంది, పక్క వాగులో కప్పల్నీ చిన్న చేపల్నీ పట్టి తింటుంది. విషం లేదు, మనిషికి దాని వల్ల ఏ టెన్షనూ లేదు. పలుచటి గాలిని ఎలా తట్టుకుంటోందో చూద్దామని శాస్త్రవేత్తలు దాని జన్యువుల్ని పరిశీలిస్తే, తక్కువ ఆక్సిజన్‌కు ఒళ్లు సర్దుకునేలా చేసే ఈపాస్1 జన్యువులో మార్పులు కనిపించాయి. టిబెటన్లకు కొండల మీద బతికే శక్తినిచ్చిందీ ఆ జన్యువులోని మార్పులే!

ఇంత నేర్చిన పాముకు బుగ్గ పోతే మరో దారి లేదు. పాము కోరే వేడే మనిషికీ కావాల్సి వచ్చింది. టిబెట్‌లోని యాంగ్‌బాజింగ్ లోయలో చైనా 1977లోనే భూగర్భ వేడితో కరెంటు తీయడం మొదలుపెట్టింది. బుగ్గల దగ్గర స్నానాల తొట్లూ వెలిశాయి. 2021లో ఈ పామును తొలి శ్రేణి రక్షిత జంతువుల జాబితాలో చేర్చారు, మంచిదే. అయితే పామును పట్టకుండా ఆపి, దాని వేడిని పైపుల్లోకి మళ్లిస్తే ఆ జాబితా దేనికి?

ఈ ప్రశ్న మనదాకా వచ్చింది. లద్దాఖ్‌లో దాదాపు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న పూగా లోయలో జియోథర్మల్ విద్యుత్ కోసం ఓఎన్‌జీసీ 2021లో ఒప్పందం చేసుకుంది. తొలి దశ లక్ష్యం ఒక మెగావాట్. మన మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల ప్రయోగం బోరుబావిలో పడ్డ వేడినీటితో నడిచేది. పూగా సంగతి వేరు. అక్కడ బుగ్గలు, చిత్తడి నేల, వాటి మీద బతికే జీవాలు కలిసే ఉన్నాయి. ఈ పాము అక్కడ ఉందని మేం చెప్పడం లేదు. ఏముందో ముందు చూడమంటున్నాం.

డీజిల్ పొగతో నెట్టుకొస్తున్న లద్దాఖ్ మారుమూల ఊళ్లకు ఈ కరెంటు అవసరమే, మేం కాదనడం లేదు. కానీ ‘గ్రీన్’ అన్న ముద్ర పడగానే ప్రశ్నలు ఆపేయడం మన ప్రభుత్వాలకు అలవాటైంది. కొత్త బావులకు అనుమతి ఇచ్చే ముందు వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి బుగ్గల చుట్టూ జీవజాతుల సర్వే జరగాలి. వాడిన నీటిని వాగులో వదలకుండా తిరిగి భూమిలోకే పంపాలి. కొన్ని బుగ్గల్ని అసలు ముట్టుకోకూడదు. అవి ఏవో, ఎందుకో రాసిన నివేదికను తవ్వకం మొదలవక ముందే లద్దాఖ్ ప్రజల చేతికివ్వాలి.